ఎనిమిదో తారీఖు మనిషి

ఫిబ్రవరి వచ్చిందంటే మా జూనియర్ కాలేజీ స్టాఫ్‌రూములో పాఠాల మాట ఎవరూ ఎత్తరు. అందరి చేతుల్లోనూ ఆదాయప్పన్ను కాగితాలే. బీమా రసీదు ఎక్కడ పెట్టామా అని బ్యాగులు తిరగేసేవాళ్ళు, ఇంటి లోను కాగితం బ్యాంకువాడు ఇంకా ఇవ్వలేదని విసుక్కునేవాళ్ళు. మొన్న ఆ సందడిలోనే, కొత్తగా చేరిన బాటనీ అమ్మాయి నా పక్కకు కుర్చీ లాక్కుని కూర్చుంది. ప్రావిడెంట్ ఫండు, బీమా కలిపితే పన్ను మినహాయింపుకు చూపించుకునే లక్షా నిండిపోయిందట.

"ఇక పైన ఎంత దాచినా పన్ను తగ్గదు కదా మేడం. నెలకు మూడువేలు ఇంకా మిగులుతున్నాయి. ఎక్కడ పెట్టమంటారు? మీరు ఎకనామిక్స్ కదా" అంది.

ఎకనామిక్స్ కదా అనేసరికి నాకు నవ్వొచ్చింది. ఇరవై ఏళ్ళుగా పొదుపు, పెట్టుబడి అంటూ నల్లబల్ల మీద గీతలు గీస్తున్నదాన్నే. అయినా ఆ పిల్లకి నా నోటి నుంచి వచ్చిన జవాబు ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు.

"ఎక్కడైనా పెట్టు. తిరిగి కావాల్సి వస్తే ఏ తలుపు కొట్టాలో మాత్రం ముందు చూసుకో" అన్నాను.

అన్న తర్వాత గుర్తుకొచ్చింది, ఆ మాట నాది కాదని. ఆ మాట అసలు అన్న మనిషి పోయి ఐదేళ్ళు దాటింది. 

ఆవిడ పేరు ఇక్కడ రాయను. కార్డు మీద ఏజెంటు పేరు అని ఉన్నచోట తప్ప ఆవిడ తన పేరు చెప్పుకోగా నేనెప్పుడూ వినలేదు. గుంటూరు బ్రాడీపేటలో మా సందులో పిల్లలు ఆర్‌డీ ఆంటీ అనేవాళ్ళు. నేను అక్కయ్యగారూ అనేదాన్ని. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ డబ్బులు ఇంటింటికీ తిరిగి వసూలు చేసి, తీసుకెళ్ళి కట్టే పని ఆవిడది. నెలనెలా మనం ఆవిడకిస్తే, ఆవిడ మన దగ్గరున్న కార్డులో సంతకం పెట్టి, పోస్టాఫీసులో కట్టి, పాస్‌బుక్కులో ముద్ర వేయించుకునేది. పాస్‌బుక్కు ఆవిడ దగ్గరే ఉండేది. ఐదేళ్ళపాటు. మా సందులో లెక్చరర్లున్నారు, ఇద్దరు ప్లీడర్లున్నారు, ఒక ఆడిటర్ కూడా ఉన్నాడు. తమ పుస్తకం తమ దగ్గర ఉండాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. 

అప్పట్లో, అంటే తొంభైల చివర, పన్ను మినహాయింపు పరిమితి అరవై వేలే. మా ఆయనది ఇరిగేషన్ ఆఫీసులో ఉద్యోగం. ఇద్దరి జీతాల్లోనూ పరిమితి నిండగా నెలకి కొంత మిగిలేది. అందులోంచి వెయ్యి ఆవిడ చేతిలో పెట్టడం మొదలుపెట్టాను. సందు చివర కడుతున్న అపార్ట్‌మెంటులో ఒక ఫ్లాటు తీసుకోవాలని, ఆ ఐదేళ్ళ డబ్బు రిజిస్ట్రేషన్‌కి పనికొస్తుందని నా లెక్క.

ప్రతినెలా ఎనిమిదో తారీఖున వచ్చేది. వానొచ్చినా, రోహిణి ఎండైనా ఎనిమిదే. పదిహేనులోపు కట్టకపోతే అపరాధ రుసుము పడుతుంది కాబట్టి వారం ముందే మొదలుపెడతానని చెప్పేది. నల్ల గొడుగు, భుజాన ఖాకీ గుడ్డసంచి, ఎడమచేతికి గాజుల బదులు మోచేతి దాకా రబ్బరు బ్యాండ్లు. గుమ్మంలో నిలబడి "వందనాలమ్మా" అనేది. ఎంత చెప్పినా సోఫాలో కూర్చునేది కాదు. చెప్పుల స్టాండు పక్కన ప్లాస్టిక్ స్టూలు ఉండేది మా ఇంట్లో, దాని మీదే కూర్చునేది. మంచినీళ్ళు తాగేది గానీ కాఫీ ముట్టేది కాదు. 

"మీ ఇంట్లో తాగి పక్కింట్లో వద్దంటే వాళ్ళకి కోపం. అందరిళ్ళలో తాగితే నా పొట్టకి కోపం" అనేది.

డబ్బు ముందు మన చేత లెక్కపెట్టించేది, పైకి వినపడేలా. ఆ తర్వాత తను లెక్కపెట్టేది. చిన్నప్పుడు వేటపాలెంలో జీడిగింజలు కొట్టిన చేతులవి. వేళ్ళ కొసల మీద జీడి నల్లమచ్చలు ముసలితనం దాకా పోలేదు. ఆ వేళ్ళు నోటుని తిప్పుతుంటే చూడముచ్చటగా ఉండేది. కాకపోతే ఒక చిక్కుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో గుంటూరు నోట్లన్నీ మిర్చియార్డు చుట్టి వచ్చినవే. అలాంటి నోటు చేతిలో పడిందా, మూడు తుమ్ములు వరసగా తుమ్మేది. 

"ఇది యార్డులోంచి వచ్చిందమ్మా" అని పమిటతో ముక్కు తుడుచుకుని, లెక్క మళ్ళీ మొదటి నుంచీ మొదలుపెట్టేది. మా చిన్నవాడు ఆవిడ తుమ్ములు వినడానికే యార్డు నోటు ఏరి ఇవ్వమని నా వెంటపడేవాడు. వాడే ఒకసారి, పుస్తకాల కట్టలో మిగతావాటికి మామూలు రబ్బరు బ్యాండ్లుంటే కొన్నిటికి ఎర్రవి ఎందుకున్నాయని అడిగాడు.

"అవి గట్టివి నాన్నా, తెగవు" అంది.

ఆవిడ మీద మా సందువాళ్ళకి ఒక్కటే ఫిర్యాదు. మిగతా ఏజెంట్లు ఏడాది చివర తమ కమీషన్‌లోంచి కాస్త ఖర్చుపెట్టి ఒక స్టీలు డబ్బాయో, టిఫిన్ క్యారియరో ఇచ్చేవాళ్ళు. ఈవిడ ఇచ్చేది కాదు. ప్లీడరు గారి భార్య మొహమ్మీదే అడిగేసింది. "ఇవ్వనండి" అని నీళ్ళు తాగి, కార్డులో సంతకం పెట్టి లేచి వెళ్ళిపోయింది. కారణం చెప్పలేదు. పిసినారిది అనుకున్నాం. నేనూ అనుకున్నాను.

ఎవరైనా ఫలానా ఫైనాన్సువాళ్ళు నూటికి రెండు రూపాయల వడ్డీ ఇస్తున్నారనో, ఫలానాచోట మూడేళ్ళలో రెట్టింపనో ఆశగా చెబితే, ఆవిడ వడ్డీ సంగతి అసలు అడిగేది కాదు. చెప్పిందంతా విని, "తిరిగి కావాలంటే ఏ తలుపు కొట్టాలండీ?" అనేది. అంతే. ఎగతాళి లేదు, బెదిరింపు లేదు. నిజంగా ఆ అడ్రసు కనుక్కుందామని అడిగినట్టే అడిగేది.

ఆ ప్రశ్న నన్నూ అడిగే రోజొచ్చింది.

మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పే సారు ఒకాయన ఉండేవాడు. చిలకలూరిపేట వైపు పొలాలున్న మనిషి, మాటకారి. స్టాఫ్‌రూములో పదిమందిని పోగేసి మిర్చి టిక్కీలు కొనిపించేవాడు. టిక్కీ అంటే మిరపకాయలు తొక్కి కుట్టిన గోనెబస్తా. సీజనులో సరుకు ముంచెత్తి ధర పడిపోయినప్పుడు కొని, కోల్డ్ స్టోరేజిలో దాచి, దసరా దాటాక రేటు పెరిగితే అమ్మడం. కోల్డ్ స్టోరేజిని గుంటూరులో అందరూ ఏసీ అనే అంటారు. అంతకుముందు ఏడాది ఆ బృందంలో ఒక్కొక్కరికీ స్కూటరు డబ్బులు మిగిలాయి. ఒకామె నిజంగానే స్కూటరు కొని, మా ముందే హారన్ కొట్టి మరీ ఆపేది.

"పోస్టాఫీసులో పెడితే డబ్బు పడుకుంటుంది మేడం" అన్నాడు ఫిజిక్స్ సారు. "మీకు పన్ను లెక్క ఎటూ అయిపోయింది. ఆ పైన మిగిలేదాన్ని ఏసీలో పెట్టండి. చలికి కాయ చెడదు, రేటు ఊరుకోదు."

ఎకనామిక్స్ చదివినదాన్ని కదా, సీజనులో కొని సీజను పోయాక అమ్మడం నాకు చాలా తెలివైన పనిగా కనిపించింది. నాకు తెలిసినదే గుంటూరు జిల్లా అంతటికీ తెలుసన్న సంగతి మాత్రం తట్టలేదు. ఫిబ్రవరి నుంచి మే దాకా నాలుగు నెలలు మిగిలిందంతా ఆయనకిస్తానని ఒప్పుకున్నాను. ఆ ఎనిమిదో తారీఖున అక్కయ్యగారు స్టూలు మీద కూర్చుని నీళ్ళు తాగుతుంటే చెప్పాను.

"నాలుగు నెలలు ఆర్‌డీ ఆపుదామనుకుంటున్నాను అక్కయ్యగారూ."

"ఏమైందమ్మా? ఇంట్లో అందరూ బాగున్నారా?"

టిక్కీల సంగతి చెప్పాను. ఆవిడ గ్లాసు కింద పెట్టింది.

"తిరిగి కావాలంటే ఏ తలుపు కొట్టాలమ్మా?"

"ఏసీ తలుపు" అని నవ్వాను.

"ఏసీ తాళం ఏసీవోడి దగ్గరుంటది. సరుకు కమీషన్ కొట్టు ఆయన పేరు మీదుంటది. డబ్బేమో మీ సారు చేతిలో పోశారు. మీరు మూడు తలుపులు కొట్టాలమ్మా. మూడూ ఒకేసారి తీయాలి."

నాకు కాస్త ఒళ్ళు మండింది. "మరి మీ దగ్గరైతే?" అన్నాను.

"మా ఇంటికి ఒకటే తలుపు. రేకు తలుపు. మెల్లగా కొట్టినా వినపడుద్ది."

నాలుగు వాయిదాల దాకా తప్పినా ఖాతా చావదని, ఆఖరున గడువు ఆ నాలుగు నెలలూ పెరుగుతుందని మాత్రం చెప్పి లేచింది. ఆ తర్వాత మార్చిలోనూ ఎనిమిదో తారీఖున వచ్చింది. ఏప్రిల్‌లోనూ, మేలోనూ. ఇవ్వనని తెలిసీ వచ్చింది. స్టూలు మీద కూర్చుని, మంచినీళ్ళు తాగి, పిల్లలెలా ఉన్నారని అడిగి వెళ్ళిపోయేది. నాకు చిరాకేసేది. పరోక్షంగా బాకీ గుర్తుచేస్తోందనుకున్నాను. జూన్‌లో మళ్ళీ వెయ్యి ఇస్తే, ఏమీ జరగనట్టు నా చేత లెక్కపెట్టించి కార్డులో సంతకం పెట్టింది.

"పుస్తకం బతికే ఉందమ్మా. కట్టుకుంటూ పోండి" అంది.

ఇక టిక్కీల కథ పొడిగించను. ఆ ఏడాది అందరూ కొన్నారు, అందరూ దాచారు. దసరా పోయింది, దీపావళి పోయింది, రేటు మాత్రం కదల్లేదు. డిసెంబరుకి కాయ రంగు తగ్గిందన్నారు. కొత్త కాపు ముంచుకొస్తోంది, ఇప్పుడు అమ్మకపోతే అద్దె కూడా రాదన్నారు. ఏసీ అద్దె, హమాలీలు, కమీషన్ పోగా నేను పెట్టినదాంట్లో మూడోవంతు తిరిగొచ్చింది. ఫిజిక్స్ సారు మొహం చెల్లక నెలరోజులు స్టాఫ్‌రూముకి రాలేదు. ఆయన మోసగాడు కాదు, మా అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నది ఆయనే. ఆ వచ్చిన నోట్లలోంచే జనవరి వెయ్యి తీసి అక్కయ్యగారికిచ్చాను. ఆవిడ మూడు తుమ్మి, ఆగి, మళ్ళీ మూడు తుమ్మింది. నేను తలెత్తలేదు. "ఘాటు దిగిపోద్దిలెండమ్మా, కొద్దిరోజులు మండుద్ది అంతే" అని, మొదటి నుంచీ లెక్కపెట్టుకుంది. అంతకంటే నన్నేమీ అనలేదు. ఆ రోజు ఆవిడ ఏమన్నా నేను పడి ఉండేదాన్ని.

తర్వాత రెండేళ్ళు ఎలా గడిచాయో తెలియదు. ఫ్లాటుకి అడ్వాన్సు కట్టాం. మిగిలిన డబ్బు నెలాఖరులోపు కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకోకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని, అడ్వాన్సులో సగం కోస్తానని బిల్డరు ఖరారుగా చెప్పాడు. ఇంట్లో ఉన్న బంగారం, ప్రావిడెంట్ ఫండు లోను అన్నీ కలిపాక, సరిగ్గా ఆర్‌డీ అంత తక్కువ పడింది. ఆర్‌డీకి ఆ నెలలోనే ఐదేళ్ళు నిండాలి. కానీ నేను నాలుగు నెలలు ఎగ్గొట్టాను. అంటే ఇంకో నాలుగు నెలలకి గానీ చేతికి రాదు. ఆవిడనడిగి ఏదైనా దారుందేమో కనుక్కుందామని ఎనిమిదో తారీఖు కోసం చూశాను.

ఎనిమిదో తారీఖున ఆవిడ రాలేదు.

తొమ్మిదినా రాలేదు. పదో తారీఖున ఇస్త్రీ బండి అతను చెప్పాడు. అంతకుముందు ఆదివారం చర్చి నుంచి ఇంటికొచ్చి, కుర్చీలో కూర్చుని, అలాగే ప్రాణం వదిలేసిందట. భూస్థాపన కూడా అయిపోయింది.

అయ్యో అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. అవి ఆరకముందే పాస్‌బుక్కు గుర్తొచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ పావుగంటలో ఆవిడ గురించి నేననుకోని పాపిష్టి మాట లేదు. డబ్బాయే ఇవ్వని మనిషి. పుస్తకం ఒక్కసారీ చూపించలేదు. అసలు కట్టిందో లేదో. కార్డులో సంతకాలు చూసుకుంటే అన్నీ ఆవిడవే, పోస్టాఫీసు ముద్ర ఒక్కటీ లేదు.

"తినేసి ఉంటుంది" అన్నాను మా ఆయనతో. ఆ మాటన్నది నేనే, ఆయన కాదు.

"ముందు వెళ్ళి పలకరించి వద్దాం పద" అన్నాడాయన.

మిషన్ కాంపౌండు వెనక సందులో ఆవిడ ఇల్లు. ఐదేళ్ళలో ఎన్నడూ వెళ్ళలేదు. రేకు తలుపు బార్లా తీసే ఉంది, కొట్టే పని లేకపోయింది. వాకిట్లో మంచాల మీద, గోడ వారన, మా సందంతా ఉంది. ప్లీడరు గారి భార్య, ఆడిటరు, చివరికి మా కాలేజీ స్కూటరామె కూడా. అందరూ పరామర్శకే వచ్చారు. అందరి చేతుల్లోనూ కార్డులున్నాయి. ఒకళ్ళ కార్డు ఒకళ్ళకి కనపడకుండా కొంగుల కింద, న్యూస్‌పేపర్లలో దాచుకున్నారు. ఓ మూల మంచం మీద ఫిజిక్స్ సారు తల దించుకుని ఉన్నాడు. నన్ను చూసి కార్డు జేబులోకి తోశాడు.

"మీరేంటి సార్ ఇక్కడ?" అన్నాను.

"మా ఆవిడ పేరు మీద ఉంది మేడం. ఏడేళ్ళ నుంచీ" అన్నాడు మెల్లగా. "మిర్చి మీద నాకెంత నమ్మకమున్నా, ఆవిడకి లేదు."

అక్కయ్యగారి కూతురు, ముప్పై ఏళ్ళ మనిషి, లోపలి నుంచి ఒక ట్రంకుపెట్టె ఈడ్చుకొచ్చింది. మా మొహాలు చూస్తే ఆ పిల్లకి అన్నీ అర్థమై ఉంటాయి. కోపంగానీ, ఎత్తిపొడుపుగానీ లేకుండా మూత తీసింది. వీధివారీగా, ఇంటివారీగా పేర్చిన పుస్తకాలు. తెల్ల తెల్లగా, ఒక్కోదానికీ రబ్బరు బ్యాండు. ఒక్కొక్కరినీ పిలిచి చేతికిచ్చింది. నా వంతు వచ్చింది. నా పుస్తకానికి ఎర్ర బ్యాండు ఉంది. 

తెరిచాను. మా ఆయన ఒక అంచు పట్టుకున్నాడు. ప్రతి నెలా పోస్టాఫీసు గుండ్రటి ముద్ర ఉంది. ఫిబ్రవరి ఉంది. మార్చి ఉంది. ఏప్రిల్, మే ఉన్నాయి. నేను కట్టని నాలుగు నెలలూ ఉన్నాయి, పదిహేనో తారీఖు దాటకుండా. అంటే ఐదేళ్ళూ నిండిపోతున్నాయి. ఆ నెలలోనే, రిజిస్ట్రేషన్‌కి వారం ముందే డబ్బు చేతికొస్తుంది.

గుండెల మీంచి ఓ బస్తా దించినట్టయింది. కూర్చోవడానికి చోటు లేక గడప మీదే కూలబడ్డాను. అంత తేలికపడడం నా జన్మలో మళ్ళీ లేదు. ఆ వెంటనే, పొద్దున నేనన్న మాట గుర్తొచ్చి మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"ఈ నాలుగు నెలలు నేను కట్టలేదమ్మా" అన్నాను కూతురితో. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అయినా నోట్లోంచి వచ్చేసింది.

ఆ అమ్మాయి నా పుస్తకానికున్న బ్యాండు చూసి తలూపింది.

"ఎర్రవి వేసినవాటికి అమ్మ తన కమీషన్‌లోంచి కట్టిందండీ. డబ్బాలకి పెట్టే డబ్బు దీనికి పెడతాననేది. నాలుగు నెలలు ఆగినోళ్ళు ఐదో నెల ఇక కట్టరు, పుస్తకం చచ్చిపోద్ది అనేది."

"మరి ఒక్కసారైనా అడగలేదే?"

"అడిగితే మీరు తలుపు తీయరంట. వాళ్ళంతట వాళ్ళు చెప్పి ఇస్తే తీసుకో, చెప్పకపోతే నువ్వు అడగొద్దు అంది."

నేనివ్వనని తెలిసీ ఆ మూడు నెలలూ ఆవిడ ఎందుకొచ్చి కూర్చుందో అప్పుడు తెలిసింది. బాకీ గుర్తుచేయడానికి కాదు. నేను తలుపు తీయడం మానేయకుండా చూసుకుంది. 

ఆ మర్నాడు పుస్తకంతోపాటు నాలుగువేలు తీసుకెళ్ళి ఇచ్చాను. అమ్మాయి నా చేత పైకి లెక్కపెట్టించి, తర్వాత తను లెక్కపెట్టుకుంది. ఎర్ర బ్యాండు తీసి, మామూలుది వేసింది. నేను వచ్చేస్తుంటే రేకు తలుపు దగ్గర ఫిజిక్స్ సారు ఎదురయ్యాడు. చేతిలో కవరు ఉంది. చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు. 

రిజిస్ట్రేషన్ అయింది. ఆ ఫ్లాటులోనే ఉంటున్నాం. ఆ కంగారులో పుస్తకాలు ఇంటికి తెచ్చుకున్న మా సందువాళ్ళందరూ, కూతురు ఏజెన్సీ తీసుకోగానే ఒక్కొక్కరే తీసుకెళ్ళి ఆ అమ్మాయి చేతిలో పెట్టేశారు. కొత్త ఆర్‌డీ మొదలుపెట్టి నేనూ పెట్టేశాను. ఇంట్లో ఉంటే పోతాయి అన్నాను మా ఆయనతో. ఆయన నవ్వాడు.

బాటనీ అమ్మాయిని ఎనిమిదో తారీఖున మా ఇంటికి రమ్మన్నాను. వచ్చింది. ఆ వేళకి అక్కయ్యగారి కూతురూ వచ్చింది. అదే ఖాకీ సంచి, పట్టీ మాత్రం కొత్తది. స్టూలు మీద కూర్చుని మంచినీళ్ళు తాగింది. ఫారం నింపుతూ మా బాటనీ అమ్మాయి, "మా అమ్మావాళ్ళ ఏజెంటు ఏడాదికో స్టీలు డబ్బా ఇస్తుందండీ. మీరేమైనా ఇస్తారా?" అని అడిగింది.

"ఇవ్వనండి" అంది ఆ అమ్మాయి, కార్డు మీద సంతకం పెడుతూ.

బాటనీ అమ్మాయి నావైపు చూసింది, పిసినారిలా ఉందే అన్నట్టు. నోరు తెరిచి ఉన్న సంచిలో పుస్తకాల కట్ట కనిపిస్తోంది. అందులో మూడింటికి ఎర్ర బ్యాండ్లున్నాయి.